దొర్కా పిన్నికి మళ్ళీ వచ్చిన నెల

కోరాపుట్‌లో మంచు దిగిన పొద్దుల్లో ఆసుపత్రి వరండాకు అవతలి చివర ఏముందో కనబడదు. గేటు దగ్గర టెంపో ఆగిన చప్పుడు వినబడుతుంది. దగ్గు, కడియాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినబడతాయి. చాలాసేపటికి ఆ తెల్లదనంలోంచి ఒక్కొక్కరే మనుషులై బయటికి వస్తారు. లమ్తపుట్ కొండల నుంచి టెంపోల్లో వచ్చేవాళ్ళు కొందరు, టికిరి అవతలి ఊళ్ళ నుంచి ప్యాసింజరు బండెక్కి వచ్చేవాళ్ళు కొందరు. ముక్కుకు రెండు వైపులా పోగులు, భుజాన ఆకులో కట్టుకున్న అన్నం, చంకలో గొడుగు. ఆడవాళ్ళ ఓపీడీ ముందు బెంచీ మీద కూర్చుని దొర్కా పిన్ని వాళ్ళకు చెయ్యి ఊపేది. వాళ్ళు నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. డాక్టరెవరో, చీటీ ఎక్కడ రాయిస్తారో వాళ్ళకు అక్కర్లేదు. నానీ ఉందా లేదా, అదొక్కటే చూసుకునేవాళ్ళు. వాళ్ళ దేశియా మాటలో నానీ అంటే అక్క.

పిన్ని మా అమ్మకు సొంత చెల్లెలు. నేను అదే ఓపీడీలో స్టాఫ్ నర్సుని, పేరు క్యాథరిన్. నా కోపం మీద ఆసుపత్రిలో చాలా కథలున్నాయి, వాటిలో సగం నిజం. పిన్ని కోపం మీద ఒక్క కథ కూడా లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రాయగడలో పుట్టారు. మా తాత బొబ్బిలి వైపు నుంచి మిషను బడిలో పంతులుగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. పిన్నిని మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో లైన్‌మన్‌గా చేసే ఇజ్రాయెల్ బాబాయికిచ్చి చేశారు. ఆ కాలనీలో ఊసుపోక, సంతకొచ్చే కొండ ఆడవాళ్ళతో కబుర్లాడి ఆవిడ దేశియా నేర్చుకుంది. బాబాయి రిటైరై కోరాపుట్‌లో ఇల్లు కట్టాక ఆ భాషే ఆవిడకు ఉద్యోగం ఇప్పించింది. కాగితం మీద ఆయా. చేసే పని మాటలు.

ఆ మాటల పని ఎవరైనా చెయ్యగలరని అనుకోకండి. మా దగ్గరికి గర్భసంచి ముఖద్వారంలో కేన్సరుతో వచ్చే ఆడవాళ్ళందరినీ చూస్తే ఒకే మనిషి మళ్ళీమళ్ళీ వస్తున్నట్టుంటుందని డాక్టర్ లిప్సా అనేది. ఆ పిల్ల కటక్ నుంచి వచ్చింది, వయసు చిన్నది, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆవిడ అన్నది నిజమే. ఎదగక ముందే పెళ్ళి, కాన్పు మీద కాన్పు, నెలలు ఆగిపోయి కొన్నేళ్ళు, ఒకరోజు మళ్ళీ ఎర్రగా కనబడటం. అప్పుడు ఎవరికీ చెప్పదు. విత్తనాలు చల్లేదాకా ఓర్చుకుంటుంది, మండియా, అంటే రాగుల, కోతలయ్యేదాకా ఓర్చుకుంటుంది, చివరికి నడుం నొప్పని వస్తుంది. అందుకే వానల్లో మా బెంచీ ఖాళీ, కోతలయ్యాక కూర్చోడానికి చోటుండదు. ఎక్కువమంది చెయ్యి దాటిపోయాక వచ్చేవాళ్ళే.

వాళ్ళను రక్తం గురించి అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తారు. పిన్ని అలా అడిగేది కాదు. వాళ్ళ ఊళ్ళలో ఏటి ఒడ్డున బట్టలుతకడానికి ఆడవాళ్ళకు రెండు చోట్లుంటాయట. నెలసరి ఉన్నవాళ్ళు కింది రాయి దగ్గర ఉతుక్కోవాలి, మిగతావాళ్ళు పై రాయి దగ్గర. పిన్ని ముందు కోళ్ళ గురించి అడిగేది, కోడళ్ళ గురించి అడిగేది, తమలపాకు పంచుకునేది, ఆ తరువాత నెమ్మదిగా, "ఈ మధ్య ఏ రాయి దగ్గర ఉతుకుతున్నావమ్మా?" అనేది. ముసలావిడ అటూ ఇటూ చూసి, "కింది రాయి" అనేది. అప్పుడు పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకునేది. "ఆగిపోయింది మళ్ళీ కనబడితే అది నెల కాదు తల్లీ, లోపల పుండు. పద, చూపించుకుందాం." ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానంటే, నాకు దేశియా అర్థమవడమే తప్ప మాట్లాడటం సరిగ్గా రాకపోయినా ఆ వాక్యం మాత్రం తడుముకోకుండా చెప్పగలను.

పిన్నికి పిల్లల్లేరు. ఆ సంగతి ఇంట్లో ఎవ్వరూ ఎత్తేవాళ్ళు కాదు. వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నం తిరిగారు, మందులు వాడారు, ఉపవాసాలు చేశారు. నెలలు ఆగిపోయిన ఏడాది ఆవిడ మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడిస్తే చూశాను. ఆ తరువాత మామూలుగానే ఉంది. మామూలుగా ఉండటంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

ఆ ఏడు పునరుత్థాన పండుగ పొద్దున తెల్లవారకముందే మా సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని కొండవాలున సమాధుల దగ్గరికి వెళ్ళాం. మంచులో మనుషులు కనబడటం లేదు, దీపాలు మాత్రం కదులుతున్నాయి. పాట ఎక్కడో కింద మొదలై మా పక్కనుంచి పైకి పోతోంది. ఆఖరి రోజుల్లో కోరాపుట్ వచ్చేసిన మా అమ్మమ్మ సమాధి దగ్గర దయావతి టీచరుగారు పిన్ని తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ ఒడి నింపు తండ్రీ అని ప్రార్థన చేసింది. ఆ పెద్దావిడ పిన్ని పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి పండక్కీ అదే ప్రార్థన చేస్తోంది. పిన్ని వయసెంతైందో చూసుకోవడం మర్చిపోయినట్టుంది. నాకు నవ్వొచ్చింది. పిన్ని మాత్రం కళ్ళు మూసుకుని, ఆమెన్ అంది. ఇంటికెళ్ళి తెల్లచీర మార్చుకుంటుంటే దాని మీద మరక కనబడిందట.

నాకు ఆ విషయం వెంటనే చెప్పలేదు. మామిడికాయలొచ్చాక ఒక మధ్యాహ్నం ఓపీడీ వెనక మెట్ల మీద ఉప్పూకారం అద్దుకుని ముక్కలు తింటున్నాం.

"ఒలే అమ్మీ, ఒక మాట సెప్తాను, కోప్పడకు."

"కోపమొచ్చే మాటైతే సెప్పకు పిన్నీ."

"నాకు మళ్ళీ వొచ్చింది."

"ఏటొచ్చింది?"

"ఏటేటి? నెల." ముక్క నములుతూ నవ్వింది. "పండగనాడు వొచ్చింది. మొన్న మళ్ళీ వొచ్చింది. దయావతమ్మగారి సెయ్యి తియ్యకముందే దేవుడు ఇన్నాడే."

నాకు విషయం అర్థమైంది. వెంటనే నోరు లేచింది. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు, గట్టిగా మాట్లాడానని మాత్రం తెలుసు, ఎందుకంటే లోపలినుంచి లిప్సా వచ్చి చూసింది. "ఆగిపోయింది మళ్ళీ కనబడితే ఏటంటావు నువ్వు? రోజూ బెంచీ మీద కూకోని ఏటి సెప్తావు ఆలందరికీ?"

"అది ఆలకి" అంది పిన్ని.

చాలా శాంతంగా అంది. ఆవిడ అబద్ధం ఆడటం లేదు, నన్ను తప్పించుకోవడం లేదు. ఆ మాట తనకు వర్తిస్తుందని ఆవిడకు నిజంగా తట్టలేదు. కొండలవాళ్ళకొచ్చేది పుండు, తన ఒంట్లోకొచ్చింది జవాబు. నేను ఆమెను పట్టుకుని ఊపేద్దామనుకున్నాను. మామిడి ముక్కల గిన్నె తీసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత నెలలన్నీ నాకు సరిగ్గా వరుసలో గుర్తు రావు. వానలు దిగాయి. కొండలు ఒక పూట ఉండేవి, ఒక పూట ఉండేవి కావు. పిన్ని మెల్లగా నడవడం మొదలుపెట్టింది. బకెట్లు ఎత్తడం మానేసింది. బెంచీ మీద తల్లుల చేతుల్లోంచి పసివాళ్ళను తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి, వాళ్ళు అడిగేదాకా తిరిగిచ్చేది కాదు. ఒకసారి తనకొచ్చిన కల చెప్పింది. ఇల్లంతా మంచు నిండిపోయిందట. ఎవరో చిన్నవాళ్ళు తడికాళ్ళతో గదిలోంచి గదిలోకి తిరుగుతున్నారట, మొహం కనబడదు, నేల మీద పాదాలు తడిగా అచ్చుపడుతున్నాయి. లేచి లైటు వేసి చూస్తే నేల మీద నిజంగానే తడి ఉందట.

"కప్పు కారతంది పిన్నీ. బాబాయికి సెప్పి పెంకులు సర్దించు."

"నీకు పెంకులే కనబడతాయి" అని నవ్వింది. కానీ చెప్పక తప్పదు, ఆవిడ ఆ కల చెబుతున్నంతసేపూ నేను కూడా ఆ తడి పాదాలను చూశాను. అంత నమ్మకంగా చెప్పేది. ఆ వానల్లో ఆవిడ మొహం నేను నా చిన్నప్పుడు చూసిన మొహంలా అయింది. అలా ఆనందంగా ఉన్న మనిషిని భయపెట్టడం నాకే ఎందుకు రాసిపెట్టి ఉందోనని ఒళ్ళు మండేది.

నేను చెయ్యగలిగినవన్నీ చేశాను. కడుపు పరీక్ష చేసే స్ట్రిప్పు తెచ్చి చేయించాను. ఒక్క గీతే పడింది. పిన్ని దాన్ని వెలుతురుకు పట్టి చూసి పక్కన పడేసింది.

"ఈ కాయితం ముక్కకేటి తెలుసే? దేవుడి వాక్యంలో ముసిలి తల్లులు కన్నారు గదా, ఆలకెవరు ఎట్టేరు ఈ పరీచ్చలు?"

"ఆలకి నాలాంటి కూతురు నేదు కాబట్టి బతికిపోయేరు."

"నువ్వు నాకు కూతురివే గదే" అంది. స్కానింగ్‌కు రమ్మంటే, లోపల లైటేసి బిడ్డని కదపొద్దంది. లిప్సాతో చెప్పించాను. లిప్సా ఒడియాలో గంటసేపు బతిమాలింది, పిన్ని ఆవిడకు టీ ఇచ్చి పంపించేసింది. శ్రావణంలో కొన్ని వారాలు రక్తం కనబడటం మానేసింది. ఇక చెప్పేదేముంది. నెల తప్పిందనుకుంది. పొట్ట కింద బరువుగా ఉన్నాదని చెయ్యి వేసుకుని కూర్చునేది. ఆ బరువేమిటో తెలిసిన నేను ఇంటికెళ్ళి గిన్నెలు విసిరేదాన్ని.

ఇజ్రాయెల్ బాబాయి మాట్లాడే మనిషి కాదు. లైన్ల మీద ఒంటరిగా పనిచేసి చేసి మాటలు అక్కడే వదిలేసి వచ్చాడని పిన్ని వెక్కిరించేది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన నిచ్చెనెక్కి పెంకులు సర్దుతున్నాడు. దిగి, చేతులు దులుపుకుని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మీ, నిజంగా అవుతాదేటి?"

అంత పెద్దమనిషి అలా అడుగుతుంటే నేను పెంకుల వైపు చూశాను. "అవదు బాబాయ్. అది వేరే రోగం. బేగి సూపించకపోతే పిన్ని మనకి దక్కదు."

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "అలగైతే నువ్వే సెప్పు దానికి. ఇంత సంబరంగా ఉంటే నాను ఎప్పుడూ సూడనేదు. నాకు నోరు రాదు."

కోతలయ్యాయి. మంచుకాలం వచ్చింది. పిన్నికి రక్తం మళ్ళీ కనబడుతోందని నాకు తెలుసు, ఆవిడ దాచినా వాసన పట్టగలను, అది నా పని. ఇప్పుడు ఆవిడే ఆ సంగతి తలుచుకోవడం మానేసింది. అయినా బెంచీ మీద కూర్చుని పై రాయి, కింది రాయి అంటూ అడుగుతూనే ఉంది. ఆవిడ పక్కనుంచి పోతూ అది వింటుంటే నాకు పిచ్చెక్కిపోయేది.

అలాంటి ఒకరోజు లమ్తపుట్ అవతలి కొండ ఊరి నుంచి గురుబారి అనే ఆవిడ వచ్చింది. పిన్ని ఈడుదే. పొడుగ్గా, వెదురులా నిటారుగా ఉంది. కింది రాయి అని ఒక్కసారికే చెప్పేసింది, సిగ్గుపడలేదు. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని పరీక్ష గది గుమ్మం దాకా తీసుకొచ్చింది. గురుబారి లోపలికి తొంగి చూసింది. ఇనుప బల్ల, కాళ్ళు పెట్టుకునే రెండు కొమ్ములు, వంచిన లైటు. అక్కడే ఆగిపోయింది. ఏమీ కాదని పిన్ని చెప్పింది. నొప్పి ఉండదంది. డాక్టరు ఆడమనిషేనంది. గురుబారి అన్నీ విని పిన్ని మొహంలోకి చూసింది.

"మా ఊళ్ళో చుట్టానికి కల్లు పోస్తే, పోసినవాళ్ళు ముందు ఒక గుక్క తాగుతారు" అంది. "అందులో ఏమీ కలవలేదని. అప్పుడే చుట్టం తాగుతాడు. ఇక్కడ పోసేది నువ్వు నానీ. ముందు నువ్వు పడుకో."

లిప్సాకు ఆ మాట తర్జుమా చేసి చెబితే ఫక్కున నవ్వింది. బెంచీ మీద వాళ్ళు నవ్వలేదు. అది అడగాల్సిన మాటేనన్నట్టు అందరూ పిన్ని వైపు చూశారు. ఇన్నేళ్ళలో అంతమందిని ఆ బల్ల ఎక్కించిన పిన్ని తాను ఎప్పుడూ ఎక్కలేదు. ఎవరూ అడగనూ లేదు.

పిన్ని చెయ్యి పొట్ట మీదికి పోయింది. నేను చూశాను. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నది అదొక్కసారే అయ్యుంటుంది జీవితంలో.

"నాకు కుదరదమ్మా" అంది పిన్ని దేశియాలో. "నా సంగతి వేరు."

"అయితే నా సంగతీ వేరే" అంది గురుబారి. కోపం లేదు. చీర నడుముకు బిగించుకుని, ఆకు పొట్లం తీసుకుని, గేటు వైపు నడిచింది. బయట మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆవిడ అందులోకి పోతోంది, మెట్లు దిగింది, కాళ్ళు కనబడటం లేదు, నడుం దాకా కనబడటం లేదు. పిన్ని గుమ్మం పట్టుకుని చూస్తోంది. ఆ మంచులోకి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు తిరిగి ఎలా వస్తారో, అసలు వస్తారో రారో, ఆవిడకన్నా ఎక్కువ చూసినవాళ్ళు మాలో లేరు. బల్ల ఎక్కితే తన కల అక్కడితో సరి. ఎక్కకపోతే గురుబారి ఆ కింది రాయి దగ్గరికే పోతుంది.

"గురుబారీ, ఆగు!"

ఆ కేక నేను పిన్ని గొంతులో ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి చెప్పులు విడిచి, నా మొహం చూడకుండా బల్ల ఎక్కింది.

గురుబారి వచ్చి పిన్ని తల దగ్గర నిలబడి, ఏం చేస్తారో చూడాలని ముందుకు వంగింది. నేను లైటు సర్దాను. లిప్సా పని చేసేటప్పుడు వాగుతూనే ఉంటుంది. కటక్‌లో దహీబరా, అంటే మన పెరుగువడ, ఎక్కడ బాగుంటుందో, వాళ్ళమ్మ ఏం కూర చేసిందో, పేషెంటుకు అర్థం కాకపోయినా సరే. ఆవేళా అలాగే మొదలుపెట్టింది. దహీబరాలో పచ్చిమిర్చి దగ్గర ఉండగా ఆగింది. దూది మార్చింది. మళ్ళీ చూసింది. గదిలో ట్యూబులైటు చప్పుడు తప్ప ఏమీ లేదు.

పిన్ని కప్పు వైపు చూస్తోంది. "అమ్మీ" అంది నాతో, తెలుగులో. "డాక్టరమ్మ మాటాడ్డం మానేసింది."

ఆ మౌనం ఎప్పుడొస్తుందో మా ఇద్దరికీ తెలుసు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కళ్ళ పక్కనుంచి రెండు చుక్కలు చెవుల్లోకి జారాయి, అంతే. లిప్సా చిన్న ముక్క తీసి సీసాలో వేశాక పిన్ని లేచి చీర సర్దుకుని గురుబారి వైపు తిరిగింది.

"చూశావుగా. చల్లగా ఉంటుంది, అంతే. ఇప్పుడు నువ్వెక్కు."

గురుబారి ఎక్కింది. ఆవిడకు లోపల చిన్న పచ్చిపుండు, ఇంకా చెడ్డది కాలేదు. లిప్సా అక్కడికక్కడే కాల్చేసి, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంది. ఈసారి దహీబరా కథ చివరిదాకా చెప్పింది. పిన్ని గురుబారిని టెంపో దాకా దిగబెట్టి వచ్చి, బెంచీ ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుని అందరినీ కోళ్ళ గురించి, కోడళ్ళ గురించి అడుగుతూనే ఉంది.

ముక్క పరీక్షలో కేన్సరే అని వచ్చింది. అయితే ముఖద్వారం దాటలేదు. ఈ దశలోనే వచ్చినవాళ్ళు మాకు చాలా తక్కువ. పెద్ద ఆపరేషను చేసే సర్జను ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. గర్భసంచి మొత్తం తీసేస్తే బతుకుతుందని లిప్సా నా చేతులు పట్టుకుని చెప్పింది. నేను పరుగున వెళ్ళి పిన్నికి చెప్పాను. పిన్ని అందులో ఒక్క మాటే విన్నది. తీసేస్తే. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు.

వెళ్ళి చూస్తే పడకగదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. వారాలు పోతున్నాయన్నాను, పుండు నీ కోసం ఆగదన్నాను. అందులో ఏ బిడ్డా లేదు పిన్నీ అని అరిచాను.

"నేదని తెలుసే" అంది, గోడ వైపే తిరిగి. "బల్ల మీద ఉన్నప్పుడే తెలిసింది. నాను ఎర్రిదాన్నేటి?" దుప్పటి భుజం మీదికి లాక్కుంది. "బిడ్డ వొచ్చినా రాకపోయినా, వొత్తే ఉండడానికి ఒక సోటు ఉన్నాది గదా ఇన్నాళ్ళూ. అది ఉన్నాదని బతికేను. ఆ సోటే తీసెత్తే మరింకేటి మిగులుతాది నాకు?"

ఎన్ని వందలమందికి ఆ ఆపరేషను గురించి చెప్పానో. ఒక్కరి చోటు తీసేస్తున్నామని నాకు ఎప్పుడూ తట్టలేదు. అప్పుడు బాబాయి లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన పిన్ని వీపు మీద చెయ్యి వేసి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"దొర్కా, నాను ఎప్పుడైనా అడిగేనా నిన్ను, బిడ్డ కావాలని? అడగనేదు. నీకు కావాలని నాకూ కావాలనుకున్నాను. నాకు నువ్వు సాలు. డూటీ నుంచి తడిసిపోయి వొత్తే తలుపు తీసేదానివి నువ్వే గదా. నువ్వు నేకపోతే ఈ ఇంట్లో నానెలగ ఉంటాను? నాకు తెల్దు. నాకు బయమేస్తంది."

ఆ మనిషి నోట అన్ని మాటలు రావడం పిన్ని కూడా విని ఉండదు. ఇటు తిరిగి చూసింది. బాబాయి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు, తుడుచుకోవడం కూడా లేదు. పిన్ని కొంగుతో ఆయన మొహం తుడిచింది. కాసేపటికి నావైపు చూసింది.

"ఎప్పుడో కనుక్కో" అంది. "బేగి అయిపోనీ."

ఆపరేషను రోజున సొంత మనిషినని నన్ను లోపలికి రానివ్వలేదు. అదీ మంచిదే, వస్తే అందరినీ తిట్టేదాన్ని. నేనూ బాబాయీ బయట కూర్చున్నాం. ఆయన ఫ్లాస్కు పట్టుకుని ఉన్నాడు, ఒక్క చుక్క తాగలేదు, నాకూ పొయ్యలేదు. ఎండ వరండాలో ఒక చివర్నుంచి ఇంకో చివరికి జరిగింది. సర్జను బయటికొచ్చి మాస్కు దించి, ఎక్కడికీ పాకలేదు, శుభ్రంగా వచ్చిందన్నాడు. బాబాయి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నేను ఆయన చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని ఇద్దరికీ పోశాను.

మధ్యాహ్నం ఇద్దర్నీ లోపలికి పిలిచారు. కిటికీలోంచి పల్చటి ఎండ పిన్ని దుప్పటి మీద పడుతోంది. మత్తు పూర్తిగా వదల్లేదు. పెదాలు ఎండిపోయాయి. నేను దూది తడిపి అద్దాను. కళ్ళు సగం తెరిచింది. నన్ను చూస్తోందో, నా వెనక ఇంకేమైనా చూస్తోందో తెలియడం లేదు. మొహం మాత్రం ఎంతో నిండుగా, అలిసిపోయి, సంతోషంగా ఉంది. కాన్పు వార్డులో డ్యూటీ పడినప్పుడల్లా ఆ మొహాలు చూస్తుంటాను.

"అమ్మీ" అంది. "ఏడిసిందేటే?"

ఆ కలతో నెలల తరబడి కొట్లాడాను నేను. మత్తులో ఉన్నవాళ్ళు ఏమడిగినా ఉన్నదే చెప్పాలని కొత్త నర్సులకు పాఠం చెబుతాను. తడి దూది మళ్ళీ ఆవిడ పెదాలకు అద్దాను.

"ఏడిసింది" అన్నాడు బాబాయి వెనకనుంచి. "నాను ఎత్తుకున్నాను."

పిన్ని కళ్ళు మూసుకుంది. నిద్రలోకి పోయిందనుకున్నాను. ఇంతలో పెదాలు మళ్ళీ కదిలాయి.

"ఎవరి పోలికే?"

బాబాయి నావైపు చూశాడు. ఆయనకు మాటలైపోయాయి.

"నీ పోలికే పిన్నీ" అన్నాను. "అచ్చం నీ పోలికే."